నీలాపనిందలు – గడ్డరికాప్రవాహన్యాయం



ప్రతి సంవత్సరం భాద్రపద శుద్ధ చవితినాడు మా వేణుగోపాలస్వామి ఆలయ మంటపంలో శమంతకోపాఖ్యానం చదివి వినిపించడం నా విధి. తండ్రిగారి అనంతరం ఆ బాధ్యత స్వీకరించి 30 సంవత్సరాలు దాటింది. కథ పూర్తి కాగానే శ్రోతలందరూ చేతిలోని అక్షతలను శిరస్సుపై ధరించి, నీలాపనిందలు తమకు అంటకూడదని ప్రార్థిస్తారు. ఆ క్షణంలో ప్రతి శ్రోతా తనను శ్రీకృష్ణుని స్థానంలో ఊహించుకొంటాడు. నింద పడేవాడు తానేనని అతని భావన. నింద వేసేవాడు కూడ తానై ఉండవచ్చునన్న స్ఫురణ ఎవరికీ కలుగదు. బహుకాలం నాకూ కలుగలేదు. అది కలిగిన తరువాత అనుభవించిన మనస్తాపమే ఈ వ్యాసానికి హేతువు.

2008 జనవరి. ధనుర్మాసం. తెల్లవారుజామున తిరుప్పావై అనుసంధానమూ ఆరాధనా ముగిసి, పొంగలి వినియోగమవుతున్నది. మంటపంలో నలుగురైదుగురు పెద్దలు వార్తాపత్రిక విప్పి కూర్చున్నారు. ఆస్ట్రేలియా దేశంలోని పెర్త్ నగరంలో హాప్‌మన్ కప్ పోటీలు జరుగుతున్న దినాలవి. మన దేశం పక్షాన రోహన్ బోపన్నతో కలిసి హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా ఆడుతున్నారు. ఆమె ఆసీనురాలై పాదాలు చాచి ఉండగా, ఆ పాదాల సమీపంలో త్రివర్ణపతాకం కనిపిస్తున్న ఛాయాచిత్రమొకటి ప్రచురితమై దేశమంతటా కోలాహలం రేగింది. జాతీయపతాకాన్ని అవమానించారంటూ భోపాలులో న్యాయస్థానంలో ఫిర్యాదు కూడ దాఖలైనది.

మంటపంలో ఒకరు నన్ను చూసి, "స్వామీ, తమరేమంటారు?" అని అడిగారు. ఆ చిత్రాన్ని నేను చూడలేదు. పత్రిక నా చేతిలో లేదు, చేతిలో ఉన్నది పొంగలి గరిట. అయినను ఉత్తరం చెప్పాను. "పతాకానికి కాళ్ళు చూపిన పిల్ల దేశానికి ఏమి గౌరవం తెస్తుంది?" అన్నాను. అందరూ తలలూపారు. ఆ తలలూపుట నాకు హితవుగానే ఉండెనని కూడ ఒప్పుకొనవలసి ఉన్నది.

అప్పటికి ఆమె వయస్సు 21 సంవత్సరాలు. 2003లో వింబుల్డన్ బాలికల జంటల విభాగంలో విజేత. 2005లో హైదరాబాదులోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ పోటీ గెలిచి, ఆ స్థాయి విజయం సాధించిన ప్రథమ భారతీయ వనిత అనిపించుకొన్నారు. అదే సంవత్సరం అమెరికన్ ఓపెన్‌లో నాలుగవ రౌండుకు చేరారు. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానం అధిష్ఠించారు. ఇవన్నీ నాకు తెలియవు. తెలియని విషయాలపై మౌనం వహించడమే మా గురువుగారు నేర్పిన మర్యాద. ఆనాడు ఆ మర్యాద నాకు జ్ఞాపకం రాలేదు.

ఇంటికి రాగానే మా అమ్మాయి ఎదురువచ్చింది. అప్పుడు దానికి 12 ఏళ్ళు. మంటపం వెనుక పూలు కట్టుకొంటూ నా మాట విన్నదట. "నాన్నగారూ, మీరు ఆ ఫోటో చూశారా?" అని అడిగింది.

"అందరూ అంటున్నారు కదమ్మా" అన్నాను.

మారుమాట పలుకలేదు. దాని లెక్కల పుస్తకం అట్టమీద పత్రికనుండి కత్తిరించి అంటించుకొన్న బొమ్మ ఒకటి ఉండేది: రాకెట్టు ఎత్తి బంతిని కొట్టబోతున్న సానియా. రెండు దినాల తరువాత ఆ పుస్తకానికి కొత్త అట్ట వేసి ఉన్నది. నేను గమనించాను. ఏమీ అనలేదు.

ఆ వారంలోనే పొరుగూరిలో ఒక సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాను. భోజనాలవేళ ఒక గృహస్థు, "ఆ అమ్మాయి జెండాపైన కాలు పెట్టిందటండీ. మీ ఊరి స్వామివారే చెప్పారట" అన్నాడు. ఆ స్వామివారు ఎదుటనే విస్తరి ముందు కూర్చున్నారని అతనికి తెలియదు. నేను అన్నది "కాళ్ళు చూపినది" అని. మూడు క్రోసుల దూరం నడిచేసరికి ఆ మాట "కాలు పెట్టినది" అయినది. పైగా దానికి ప్రమాణం నేను! చూడనివాడు చెప్పిన మాట, చెప్పనిదిగా మారి, చెప్పినవాని పేరుతోనే తిరిగివచ్చి వానిముందు నిలిచింది. "ఆ మాట అన్నవాడను నేనే, నేను చూడలేదు" అని అక్కడే చెప్పవలసినది. చెప్పలేదు. పప్పు కలుపుకొన్నాను.

శాస్త్రంలో దీనికి పేరున్నది. లౌకికన్యాయాలలో గడ్డరికాప్రవాహన్యాయమని ఒకటి. గడ్డరిక అనగా గొఱ్ఱె. ముందు గొఱ్ఱె ఎటు నడిస్తే మంద అటు నడుస్తుంది. ముందుది గోతిలో పడితే వెనుకవి కూడ పడతాయి. ముందు గొఱ్ఱెకు గమ్యం తెలుసునని వెనుకవాటి విశ్వాసం. ఇందరు వెంట వస్తున్నారు గనుక త్రోవ సరియైనదేనని ముందుదాని విశ్వాసం. పరస్పర విశ్వాసమే గాని, త్రోవను చూసినవారు ఒక్కరూ లేరు.

ప్రమాణవిచారంలో ఐతిహ్యం అనేది మరొకటి. ఈ మఱ్ఱిచెట్టుపై యక్షుడున్నాడట అనే వాక్యాన్ని దానికి ఉదాహరణగా చెబుతారు. "అట" అన్న ప్రత్యయంలోనే దాని స్వరూపమంతా ఉన్నది. మొదట చెప్పినవాడెవరో తెలియదు. చూసినవాడు లేడు. అయినను రాత్రిపూట ఆ చెట్టుక్రిందికి ఎవడూ పోడు. నైయాయికులు దీనిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించలేదు. చెప్పినవాడు ఆప్తుడైతే అది శబ్దప్రమాణంలో చేరుతుంది, కాకపోతే ప్రమాణమే కాదు. ఆప్తుడు ఎవడు? విషయాన్ని యథార్థంగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పేవాడు. ఆనాటి ప్రభాతాన ఆ మంటపంలో ఈ లక్షణం నాయందు సగమైనా లేదు.

ఇక్కడ ఒక శంక సహజం. వేదాధ్యయనం కూడ ఒకరు చెప్పినదాన్ని పదిమంది వల్లించడమే కదా, అది మందబుద్ధి కాదా అని. నేను కృష్ణయజుర్వేదం సంత చెప్పుకొన్న దినాలు నాకు ప్రత్యక్షరం జ్ఞాపకం. గురువుగారు ఒకసారి చెప్పేవారు, మేము రెండుసార్లు చెప్పేవారము. చూసేవారికి అది గుంపు గొంతుకే. కాని ఆ గుంపులో ఒక స్వరం తప్పితే గురువుగారి వ్రేలు లేచేది. ఉదాత్తానికి బదులు స్వరితం పలికిన విద్యార్థి ఎవడో ఇరవై కంఠాల మధ్య కూడ పట్టుబడేవాడు. ఒక్కొక్కప్పుడు చిన్న విద్యార్థి పెద్దవాణ్ణి దిద్దేవాడు. పదం, క్రమం, జట, ఘనం అని పాఠాన్ని ముందుకు వెనుకకు త్రిప్పి పరీక్షించడం, ఒక్క అక్షరం కూడ చెదరకూడదనే. ఎవరివద్ద నేర్చినామో ఆ గురువు పేరు చెప్పగలము, ఆయన గురువు పేరూ చెప్పగలము. ఇది పరంపర. లోకాపవాదంలో చెప్పినవాని పేరుండదు, దిద్దేవాడు ఉండడు, నోరు మారినకొద్దీ అక్షరం పెరుగుతుంది. పరంపరకు, ప్రవాహానికి మధ్య భేదం ఇంతే. ఆ భేదం ఎనిమిది సంవత్సరాలు నేర్చినవాడను, ఒక్క నిమిషంలో మరచినాను.

ఆ తరువాతి నెలలో వార్త వచ్చింది. స్వదేశంలో ఆడినప్పుడల్లా ఏదో ఒక వివాదం వెంటాడుతున్నది గనుక ఆ సంవత్సరం బెంగళూరు పోటీలలో పాల్గొననని సానియా ప్రకటించారు. ఆట మానివేయాలని కూడ ఆ దినాలలో ఆలోచించినట్లు చెప్పుకొన్నారు. స్వజనుల ఎదుట ఆడడానికి సంకోచించే స్థితికి ఒక యువతి వచ్చినదంటే, దానికి కారకులు కెమెరా పట్టినవాడు, ఫిర్యాదు చేసినవాడు మాత్రమే కారు. గరిట చేతపట్టుకొని ఉత్తరం చెప్పినవాడు కూడ.

మరొకటి గమనించాను. ఈ ప్రవాహానికి మతం లేదు. 2005లో ఆమె క్రీడావస్త్రాలను ఆక్షేపించినవారు ఆమె మతానికి చెందిన పెద్దలు. 2008లో ఆమె దేశభక్తిని శంకించినవారిలో నావంటివారు. 2010లో పాకిస్తాన్ క్రికెట్ ఆటగాణ్ణి వివాహమాడినప్పుడు నిందించినవారు మరికొందరు. ఒకరికి ఆమె తగినంత ముస్లిం కాదు, మరొకరికి తగినంత భారతీయురాలు కాదు. మందలు రెండైనా నడక ఒక్కటే.

2014లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్రానికి ప్రచారకర్తగా నియమించినప్పుడు, ఆమె "పాకిస్తాన్ కోడలు" అని, స్థానికురాలు కాదని ఒక నాయకుడు ఆక్షేపించారు. దానికి ఆమె ఇచ్చిన సమాధానం పత్రికలో చదివి నేను నిశ్చేష్టుడనైనాను. తన జననం ముంబైలో జరిగినది తల్లిగారి అనారోగ్యం వలననని, మూడు వారాల పసికందుగా హైదరాబాదు చేరితినని చెప్పి, తన పూర్వులను పేర్కొన్నారు. తాతగారు 1948లో నిజాం రైల్వేలో ఇంజనీరుగా చేరినవారు. ముత్తాతగారు ఇంజనీరుగా గండిపేట జలాశయ నిర్మాణంలో పనిచేసినవారు. ఆయన తండ్రిగారు 1908 మూసీ వరదల కాలంలో నిజాం ప్రభుత్వంలో ఉండి సహాయకార్యాలు నడిపినవారు. జీవితాంతం తాను భారతీయురాలినేనని ముగించారు.

మూడు తరాలు! వివాహవేదికపై వధువు ప్రవర చెప్పేటప్పుడు ఫలానావారి మునిమనుమరాలు, ఫలానావారి మనుమరాలు, ఫలానావారి కుమార్తె అని నేను ఎన్ని వందలసార్లు పలికానో! ఆమె సమాధానం నాకు అచ్చంగా ప్రవరలాగా వినిపించింది. ఒక్కటే భేదం. వేదికపై పెద్దలు గౌరవంతో అడుగుతారు, మేము చెబుతాము. ఆమెచేత నిందతో చెప్పించారు. గండిపేట నీళ్ళు త్రాగి పెరిగిన నగరం, ఆ జలాశయానికి శ్రమించినవారి మునిమనుమరాలిని నీవెక్కడిదానవని అడిగింది.

కోడలు అన్న మాటపై కూడ పురోహితునిగా నాకు చెప్పవలసినది ఉన్నది. వివాహంతో గోత్రం మారుతుంది, నిజమే. కాని ఆడపడుచు బంధం తెగుతుందని ఏ శాస్త్రం చెప్పింది? తర్పణంలో పితృవర్గంతోపాటు మాతామహవర్గానికి కూడ మూడు తరాలు నీళ్ళు వదులుతాము. దూరదేశానికి ఇచ్చిన కుమార్తె కొడుకు ఇచ్చే తిలోదకం పుట్టింటివారికి చేరుతుందన్నదే మన విశ్వాసం. మరణించిన తరువాత కూడ తెగని బంధం, వివాహమాడినంత మాత్రాన తెగుతుందా? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకొన్నప్పుడు, నా కుమార్తె వివాహానికి ఎదుగుతున్నది. నేడు అది హుబ్బళ్ళిలో కాపురం చేసుకొంటున్నది. దాని కొడుకు కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతూ నన్ను తాతయ్యా అని పిలుస్తాడు. ఆ పిల్ల మా ఊరిది కాదని ఎవరైనా అంటే నేను ఊరుకొంటానా?

తరువాతి కథ అందరికీ తెలిసినదే. అదే 2014 సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ మిశ్రమ జంటల విజయం, ఇంచియాన్ ఏషియన్ క్రీడలలో మన తెలుగువాడైన మైనేని సాకేత్‌తో కలిసి స్వర్ణపతకం. 2015 ఏప్రిల్‌లో జంటల విభాగంలో ప్రపంచ ప్రథమస్థానం. ఆ సంవత్సరమే మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, అమెరికన్ ఓపెన్. 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. మా మంటపంలో అదే పెద్దలు, అదే పత్రిక. "మన తెలుగుపిల్లండీ!" అన్నారు. నేను మౌనంగా విన్నాను. ఎనిమిదేళ్ళ క్రిందటి మాట ఒక్కరికీ గుర్తులేదు. ప్రశంస కూడ మందతోనే నడిచివచ్చింది. ఆ చప్పట్లు వింటే నాకు సంతోషం కన్నా భయమే అధికంగా కలిగినది.

ఎందుకు భయమో భాగవతం దశమస్కంధం 56వ అధ్యాయం మూలం మరల తీసి చదివినప్పుడు బోధపడింది. ప్రసేనుడు మణితో వేటకు వెళ్ళి తిరిగిరాలేదు. సత్రాజిత్తు తన తమ్ముణ్ణి కృష్ణుడు చంపి ఉంటాడన్నాడు. మూలంలో ఆ మాటకు ముందు "ప్రాయః" అన్న పదమున్నది. బహుశా అని దాని అర్థం. సత్రాజిత్తు అన్నది బహుశా అని మాత్రమే! తరువాత జనులు ఆ మాటను చెవినుండి చెవికి చేరవేశారని వ్యాసులవారు చెబుతూ ప్రయోగించిన క్రియ జప ధాతువునుండి వచ్చినది. మంత్రజపానికి ఏ మాటో, పరనిందకూ అదే మాట. జపం చేయగా చేయగా మంత్రం సిద్ధిస్తుంది. నింద కూడ అట్లే సిద్ధించింది. ఆ జపంలో మొదట రాలిపోయినది "ప్రాయః" అన్న పదం. "చూపినది" అన్న నా మాట "పెట్టినది"గా మారిన చోటు ఇదే.

స్వామి ఏమి చేశాడు? కోపించలేదు. ఉపన్యసించలేదు. నగరవాసులను వెంటబెట్టుకొని అడుగుజాడలు పట్టి అడవికి నడిచాడు. ప్రసేనుని మృతదేహం చూపాడు, సింహపు జాడ చూపాడు, ఆ సింహాన్ని చంపిన భల్లూకపు జాడ చూపాడు. నిందకు ఆయన ప్రత్యుత్తరం ప్రత్యక్షప్రమాణం. గుహలో జాంబవంతునితో 28 దినాలు యుద్ధం జరిగింది. బయట నిలిచిన జనులు 12 దినాలు చూసి ఇంటికి పోయారు. పోయి ఏమి చేశారు? సత్రాజిత్తును శపించారు! చెవిలో చెవిలో జపించిన ఆ నోళ్ళే. తాము జపించిన సంగతి ఒక్కరికీ స్మరణకు రాలేదు. ఈ కథలో సిగ్గుపడినవాడు సత్రాజిత్తు ఒక్కడే. తల వంచి మణిని అందుకొని, ఈ అపరాధం ఎట్లు కడిగికొందునా అని పరితపించి, కుమార్తెను మణితోసహా సమర్పించుకొన్నాడు. మందలో ఉన్నవారికి పశ్చాత్తాపం లేదు, పేరు లేదు గనుక. పేరున్నవాడే పశ్చాత్తప్తుడు కాగలడు. అందుకే నేను నా మాటను నా మాటగా ఇక్కడ వ్రాసుకొంటున్నాను.

ప్రసిద్ధులను ఏమీ అనకూడదని నా అభిప్రాయం కాదు. ఆమె ముంజేతి దెబ్బ వజ్రాయుధమని, సర్వీసు మాత్రం బలహీనమని ఆట తెలిసినవారు అనేకమార్లు వ్రాశారు. అది నింద కాదు, విమర్శ. విమర్శ అన్న పదంలోని మృశ ధాతువుకు స్పృశించుట అని అర్థం. వస్తువును చేతితో తాకి పరిశీలించినవాడు విమర్శకుడు. తాకనివాడు అపవాదకుడు. టెన్నిస్ ఆటలోనే దీనికి చక్కని ఏర్పాటుండేది. బంతి రేఖ దాటినదని తీర్పు వచ్చినప్పుడు ఆటగాడు సందేహిస్తే, యంత్రం ఆ బంతి జాడను తెరపై చూపేది. 2006 అమెరికన్ ఓపెన్‌నుండి పెద్ద పోటీలలో ఈ పద్ధతి ప్రవేశించింది. వేలమంది ప్రేక్షకులు బయట పడిందని అరచినా, బంతి రేఖను వెంట్రుకవాసి తాకి ఉంటే అది లోపలే. బంతికి లభించిన ఈ న్యాయం ఆ బంతిని కొట్టిన మనిషికి లభించలేదు.

చివరికి ఆ ఛాయాచిత్రాన్ని నేను చూశాను. గత సంవత్సరం అమ్మాయి తన ఫోనులో వెదకి చూపింది. ఆమె కూర్చొని ఉన్నారు. పాదాలు, సమీపంలో పతాకం. ఆ రెంటి మధ్య దూరమెంతో ఆ చిత్రం చెప్పదు. ఆమె మనస్సులో ఏమున్నదో అసలే చెప్పదు. కోణం మారితే కథ మారేది. త్రాడును పామని భ్రమించినవాడు దీపం తెచ్చి చూస్తాడు. నాకు ఆ దీపం తేవడానికి పదునేడేళ్ళు పట్టింది.

ఈ సంవత్సరం చవితినాడు కథ ముగిసిన తరువాత, అక్షతలు వేసుకొనక ముందు, ఈ వృత్తాంతమంతా మంటపంలో చెప్పాను. నాపై నింద పడకుండు గాక అన్న ప్రార్థనకు ముందు, నా నోటినుండి చూడని నింద వెలువడకుండు గాక అని ఒక వాక్యం చేర్చి అందరిచేత చెప్పించాను. కొందరు చెప్పారు. కొందరు అక్షతలు చేతిలో పట్టుకొని ఊరకే చూశారు. వృద్ధుడొకాయన, "ఇప్పుడెందుకు స్వామీ, ఆమె ఆట కూడ చాలించినది కదా. తమ మాట ఆమెకు చేరుతుందా?" అన్నాడు.

చేరదు. నా నింద కూడ ఆమెకు చేరి ఉండదు. దేశమంతా వేసిన రాళ్ళలో నాది ఒక గులకరాయి. కాని అది పడిన చోటు ఒకటున్నది. ఆ చోటు మా ఇల్లు.

పండుగకు వచ్చిన అమ్మాయి ఆ మాటలన్నీ విన్నది. రాత్రి భోజనాలైన తరువాత అడిగాను. "లెక్కల పుస్తకం మీది ఆ బొమ్మ ఏమి చేశావమ్మా?"

కొంచెంసేపు ఆలోచించింది. "ఏ బొమ్మ నాన్నగారూ? నాకు గుర్తులేదు" అన్నది.

దానికి గుర్తులేదు. నాకు గుర్తున్నది. అట్లు ఉండడమే న్యాయం.

స్వస్తి.